రుద్రమదేవి సైనికుడికి ఎండుమిరపకాయ ఎక్కడిదండీ?

ఇప్పుడే ఇంటికొచ్చా, ఒళ్ళు ఇంకా మండుతూనే ఉంది, అందుకే రాసేస్తున్నా. ఇవాళ సాయంత్రం పుస్తకాలు చదివే మా నలుగురం కలిశాం, ఎవరేం చదువుతున్నారో చెప్పుకోవడం మాకు మామూలే. నా వంతు వచ్చినప్పుడు చెప్పా, ఈమధ్యే వచ్చిన ఒక కాకతీయుల నవల మొదలుపెట్టాను (పేరు చెప్పను, రాసినవాళ్ళు కొత్తవాళ్ళు), అందులో ఓరుగల్లు కోట కాపలావాడు జొన్నరొట్టెలో ఎండుమిరపకాయల కారం నంజుకు తింటున్నాడు, నాకు అక్కడే చదవబుద్ధి పోయింది అని. అంతే, ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి నవ్వేసి "ఫిక్షనే కదమ్మా, లైట్ తీసుకోండి" అన్నాడు. పక్కన ఇద్దరు తలూపారు కూడా.

ఎలా తీసుకోవాలండీ లైట్? మిరప అమెరికా ఖండంలో పుట్టిన మొక్క. కొలంబస్ అటు వెళ్ళిందే 1492లో, వాస్కో డ గామా కాలికట్ దగ్గర దిగింది 1498లో, ఆ తర్వాత పోర్చుగీసు ఓడలు తెస్తేనే కదా మనకి మిరప తెలిసింది. రుద్రమదేవి పోయింది 1289లో! రెండొందల ఏళ్ళు దాటిన తేడా. పోనీ ఇదొక్కటే పొరపాటేమో అని ముందుకి తిరగేశా. సీతాఫలాల తోటలో ప్రేమికులు కలుసుకుంటారు, పండక్కి జీడిపప్పు పాయసం వండుతారు, కోట ముట్టడిలో ఫిరంగులు పేలతాయి. సీతాఫలం, జీడిమామిడి కూడా ఆ అమెరికా నుంచి వచ్చినవే. ఇక ఫిరంగుల సంగతి నేను చెప్పాలా?

మాది గుంటూరు. మిర్చి యార్డు ఘాటు పీలుస్తూ పెరిగినదాన్ని, కారం మీద నాకు పగేం లేదు. కానీ రుద్రమ కాలంలో నాలుక చుర్రుమనాలంటే మిరియాలు ఉన్నాయి. ఆవిడ తండ్రి గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం ఉంది, తుఫానుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకు ఇకమీదట లాక్కోము, సుంకం మాత్రమే తీసుకుంటాం అని వర్తకులకి మాటిచ్చిన శాసనం. కర్పూరం, ముత్యాలు, ఏనుగు దంతం, పట్టు, మిరియాలు, వేటి మీద ఎంత సుంకమో రాయి మీద చెక్కి పెట్టారు. రాజు స్వయంగా సరుకుల చిట్టా రాసిపెట్టి పోతే అది తెరిచి చూడ్డానికి నవలాకారుడికి ఏం అడ్డమొచ్చింది?

తిండి గురించి తెలియాలంటే క్రీడాభిరామం అనే పాత పద్యకావ్యం లేదూ? ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతారు, పూటకూళ్ళ ఇంట్లో ఒక్క రూకకి ఏం పెడతారో ఒక పద్యంలో మొత్తం విస్తరి పరిచేశారు. కప్పురభోగి బియ్యంతో అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజులు, లప్పలు లప్పలుగా పెరుగు. చదువుతుంటేనే ఆకలేస్తుంది! ఇంతకంటే ఏం కావాలండీ ఒక సీను రాయడానికి? పద్యాలు అర్థం కావు అంటారా, సురవరం ప్రతాపరెడ్డి గారు ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసిపెట్టారు, తెలుగుకి మొట్టమొదటి సాహిత్య అకాడెమీ అవార్డు 1955లో దానికే వచ్చింది. ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏం ఆటలాడారు అన్నీ అందులో వచనంలోనే ఉన్నాయి. అది కూడా తిరగేయకుండా రుద్రమ మీద నాలుగొందల పేజీల పుస్తకం వేశారంటే నాకు అవమానంగా ఉంటుంది, అవును, నాకే!

కల్పన వద్దని ఎవరన్నారు? రుద్రమ సామంతుడు గోన గన్నారెడ్డిని గజదొంగ వేషంలో తిప్పి అడివి బాపిరాజు గారు ఎంత కల్పించారో, అయినా ఆ నవల నేను ఎన్నిసార్లు చదివినా మళ్ళీ మొదటి పేజీకి వెళ్తా. ఆయన బొమ్మలు వేసే మనిషి కాబట్టి నగ, చీర, గుర్రం జీను, శిల్పం అన్నీ చూసి రాసినట్టే ఉంటాయి. చరిత్ర చెప్పకుండా వదిలేసిన చోట కల్పించాలి. నల్లగొండ జిల్లాలో చందుపట్ల శాసనమే చూడండి, పువ్వుల ముమ్మడి అనే బంటు వేయించాడు, రుద్రమా ఆవిడ సేనాని మల్లికార్జున నాయకుడూ శివలోకానికి వెళ్ళారని దానం చేసి చెక్కించాడు. ఎలా పోయారో అందులో లేదు. ఎదురుతిరిగిన సామంతుడు అంబదేవుడితో యుద్ధంలోనే అని చరిత్రకారులు అంటారు. ఆ బంటు ఎవరు, ఆ ముసలి మహారాణి వెనకాల ఎంతకాలం నడిచాడు, ఆవిడ పోయాక ఆ రాయి చెక్కిస్తుంటే వాడి మనసు ఎలా ఉంది? రాయండయ్యా అది! ఏడుస్తూ చదువుతా. అలాంటి మనిషిని వదిలేసి సీతాఫలాల తోట పట్టుకున్నారు.

అసలు నాకు కడుపు మండింది మిరపకాయ దగ్గర కూడా కాదు. "ఫిక్షనే కదా" అన్న ఈ పెద్దమనిషే పోయిన సంక్రాంతికి గన్నారెడ్డి ఏ కులం, రుద్రమ ఏ కులం అని గంటన్నర గొంతు చించుకున్నాడు. అప్పుడు ఫిక్షన్ కాదు, అప్పుడు ప్రతి అక్షరం చరిత్రే, ఎవరైనా కాదంటే కొట్టేట్టు లేచాడు. మిరపకాయకి మాత్రం లైట్ తీసుకోవాలి. ప్రతిసారీ ఇదే వరస. నేను ఏ రాజు గురించి మాట్లాడినా మొదటి ప్రశ్న "ఆయన మావాళ్ళేనటగా?" అనే. ఆ రాజు చెరువు ఎలా తవ్వించాడు, పన్ను ఎంత వేశాడు, ఎవరి భూమి ఎవరికి దానమిచ్చాడు, ఇవి ఒక్కడంటే ఒక్కడు అడగడు. పాకాల, లక్నవరం, రామప్ప చెరువులు ఆనాటివే, ఇవాళ్టికీ వాటి కింద పొలాలు పారుతున్నాయి, వాటి మీద ఒక్క వాదన జరగగా నేను వినలేదు.

ఇంకోటి కూడా చెప్పాలి, చాలా రోజులుగా లోపల ఉంది. నోరి నరసింహశాస్త్రి గారి నారాయణభట్టు, రుద్రమదేవి, మల్లారెడ్డి మూడూ కొనిద్దామని మా చెల్లెలి కూతురిని తీసుకుని షాపులన్నీ తిరిగా. నన్నయ కాలం నుంచి రెడ్డిరాజుల దాకా వరసగా రాసిన మనిషి ఆయన, వృత్తికి లాయరు, అదంతా చదివి రాశారు. ఒక షాపులో "రీప్రింట్ లేదు మేడం", ఇంకో షాపులో "ఆయనెవరు?" అన్నారు. ఆ పిల్ల చివరికి పొన్నియిన్ సెల్వన్ ఇంగ్లీషులో కొనుక్కుంది. తప్పా? కానే కాదు, కల్కి గారు రాసిన ఆ నవల 1950లలో తమిళ వారపత్రికలో వచ్చిన సీరియల్, ఇవాళ్టికీ ఏ షాపుకెళ్ళినా దొరుకుతుంది, మొదటి అధ్యాయంలో వచ్చే వీరాణం చెరువు చూడ్డానికి జనం ఇప్పటికీ వెళ్తారు. మన చందుపట్లకి ఎవరు వెళ్తున్నారు?

అందుకే ఇకమీదట కొత్త చరిత్ర నవల ఎవరు ఇచ్చినా ముందు వంటగది సీను తీసి చూస్తా, మిరపకాయ కనబడితే పుస్తకం వెనక్కి. రచయితలూ, ఫీలవ్వకండి, సరిచేసి రెండో ముద్రణ వేయండి, నేనే పది కాపీలు కొని పంచుతా. ఇక మల్లారెడ్డి పాత కాపీ ఎవరి ఇంట్లోనైనా అటక మీద ఉంటే కామెంట్లో చెప్పండి, జిరాక్స్ తీయించుకుని అట్ట వేయించి మరీ తిరిగి ఇస్తా.