లింకన్ నోట వినిపించిన మాటలు, వినిపించని మాటలు

అబ్రహం లింకన్ గొంతు ఎలా ఉండేదో వినే అవకాశం మనకు లేదు. ఆయన 1865 ఏప్రిల్ 15న చనిపోయారు, ఎడిసన్ ఫోనోగ్రాఫ్ తయారుచేసింది 1877లో. దగ్గర నుంచి విన్నవాళ్ళు మాత్రం అది సన్నగా, కాస్త కీచుగా ఉండేదని రాశారు. 1930లో డి.డబ్ల్యు. గ్రిఫిత్ తన మొదటి పూర్తి స్థాయి టాకీగా 'అబ్రహం లింకన్' తీసినప్పుడు ఆ పాత్రకు వాల్టర్ హ్యూస్టన్‌ను తీసుకున్నాడు. నాటకాల్లో ఆరితేరిన మనిషి, నిండైన గొంతు. సినిమాలో నాకు నచ్చిందీ ఆయనే.

గొంతు సంగతి సరే, ఆ గొంతుతో ఏం మాట్లాడించారన్నదే నా ప్రశ్న.

మూకీలో నాయకుణ్ణి చూపిస్తే చాలు, నడక, టోపీ, గడ్డం, మధ్యలో మాటలు రాసిన నాలుగు కార్డులు. టాకీ వచ్చాక అలా కుదరదు, ప్రతి సీన్‌లోనూ ఆయన ఏదో ఒకటి అనాలి, అంటే ఆయన జీవితంలో దేన్ని ముఖ్యం అనుకుంటున్నారో తీసేవాళ్ళు బయటపెట్టుకోక తప్పదు. గ్రిఫిత్ చూపించిన లింకన్ మళ్ళీ మళ్ళీ అనే మాట ఒకటే: యూనియన్‌ను కాపాడుకోవాలి, అంటే విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలతో అంతర్యుద్ధం చేసైనా దేశాన్ని ఒక్కటిగా ఉంచాలి. అది అబద్ధం కాదు. 1862 ఆగస్టులో పత్రికా సంపాదకుడు హొరేస్ గ్రీలీకి రాసిన లేఖలో లింకన్ స్వయంగా తన మొదటి లక్ష్యం యూనియన్‌ను నిలబెట్టడమేనని చెప్పారు. కానీ ఆయన అక్కడే ఆగిపోలేదు కదా! 1863 జనవరి 1న బానిసల విముక్తి ప్రకటన మీద సంతకం పెట్టారు. 1865 మార్చి 4న రెండోసారి ప్రమాణ స్వీకారం చేస్తూ, ఈ యుద్ధానికి మూలం బానిసత్వమేనని, కొరడా దెబ్బలతో కారిన ప్రతి రక్తపు బొట్టుకూ కత్తి దెబ్బతో కారే రక్తం బదులు తీర్చేదాకా యుద్ధం సాగాలన్నది దేవుడి సంకల్పమైతే అది కూడా న్యాయమేనని అన్నారు. అమెరికా అధ్యక్షుల ప్రసంగాల్లో ఇంత కఠినమైన మాట అరుదు.

సినిమాలో ఆ ప్రసంగం ఏమైందో చూడండి. దాని చివర్లో ఉన్న 'ఎవరి మీదా ద్వేషం వద్దు' అన్న వాక్యం తీసుకుని, మనం స్కూల్లో సివిక్స్ పాఠంలో బట్టీపట్టిన 'ప్రజల చేత, ప్రజల కోసం' అనే గెటిస్‌బర్గ్ ప్రసంగం మాటలతో కలిపి, ఫోర్డ్స్ థియేటర్‌లో హంతకుడు జాన్ విల్క్స్ బూత్ ఆయన్ను కాల్చడానికి కాసేపటి ముందు లింకన్ చేత చెప్పించారు. ఆ రాత్రి ఆయన అక్కడ ప్రసంగమేమీ చేయలేదు, నాటకం చూడటానికి ఆలస్యంగా వచ్చి కూర్చున్నారంతే. సినిమా కోసం సంఘటనలు కలపడం నాకు తప్పుగా అనిపించదు, ఎవరైనా చేస్తారు. క్షమించమన్న వాక్యాన్ని ఉంచుకుని కొరడా ప్రస్తావన ఉన్న వాక్యాన్ని వదిలేయడం మాత్రం కథ కోసం చేసిన సర్దుబాటు కాదు, చరిత్రలో ఒక పక్షం తీసుకోవడం.

ఎందుకంటే ఈ దర్శకుడు గ్రిఫిత్. కెంటకీలో పుట్టాడు (లింకన్‌దీ ఆ రాష్ట్రమే), తండ్రి దక్షిణాది సైన్యంలో కల్నల్. 1915లో 'ది బర్త్ ఆఫ్ ఎ నేషన్' తీసి నల్లజాతివాళ్ళ మీద దాడులు చేసిన తెల్లవాళ్ళ ముఠా కు క్లక్స్ క్లాన్‌ను హీరోలుగా చూపించినవాడు ఇతనే, ఆ ఏడాదే క్లాన్ మళ్ళీ ప్రాణం పోసుకుంది. ఆ సినిమాలోనూ లింకన్ ఉన్నాడు, అక్కడా మంచివాడే, దక్షిణాదిని దయగా చూడబోయి హత్యకు గురైనవాడు. పదిహేనేళ్ళ తర్వాత కూడా గ్రిఫిత్‌కు లింకన్ గొప్పతనం ఆ క్షమలోనే కనిపించింది.

స్టీఫెన్ విన్సెంట్ బెనే లాంటి, అప్పటికే పులిట్జర్ అందుకున్న కవి స్క్రిప్టుకు పనిచేసినా కథ బరువంతా యూనియన్ మీద, లింకన్ యవ్వనంలో ప్రేమించాడని చెప్పే ఆన్ రట్లెడ్జ్ కథ మీద పడింది. ఆ ప్రేమకథ లింకన్ చనిపోయాక 1866లో ఆయన పాత లా పార్ట్‌నర్ విలియం హెర్న్‌డన్ ప్రచారంలోకి తెచ్చినది, చరిత్రకారులు ఇప్పటికీ దాని మీద వాదించుకుంటున్నారు. విముక్తి ప్రకటన ఘట్టం ఉంది కానీ ఇట్టే దాటిపోతుంది.

బానిసలు కనిపించే ముఖ్యమైన చోటు సినిమా మొదలు, సముద్రం మీద బానిసలను తీసుకొచ్చే ఓడ. చాలాకాలం తిరిగిన ప్రింట్లలో ఆ భాగమే లేదు. పునరుద్ధరించిన కాపీలో ఆ దృశ్యాలు తిరిగి చేరాయి, కానీ వాటి శబ్దం దొరకలేదు. అది కావాలని చేసింది కాదు, పాత ఫిల్ముకు పట్టే గతే. అయినా లింకన్ గంటన్నర మాట్లాడే సినిమాలో ఆ ఓడ మూగగా సాగిపోవడం చూస్తుంటే బాధేస్తుంది.

నాయకుల బయోపిక్‌లు మనకు కొత్త కాదు. 2019 ఎన్నికల ముందు ఎన్టీఆర్ మీద రెండు భాగాలు, వైఎస్ పాదయాత్ర మీద 'యాత్ర' వరసగా వచ్చాయి, వాటిని ఎవరు తీశారు, ఇప్పుడే ఎందుకు తీశారు అని ఇంటింటా మాట్లాడుకున్నాం. పాత హాలీవుడ్ సినిమా అనగానే, క్లాసిక్ అనగానే అదే ప్రశ్న అడగడం మానేస్తాం. గ్రిఫిత్ విషయంలో జవాబు కోసం ఎక్కువ వెతకక్కర్లేదు. అదే 1930లో 'బర్త్ ఆఫ్ ఎ నేషన్'ను శబ్దం జోడించి మళ్ళీ విడుదల చేశారు, దానికి ముందు చూపించడానికి గ్రిఫిత్‌తో చిన్న సంభాషణ చిత్రీకరించారు. అందులో గ్రిఫిత్ అంతర్యుద్ధం తర్వాతి రోజుల్లో క్లాన్ అవసరమైందని అంటాడు. ఎదురుగా కూర్చుని ప్రశ్నలు అడుగుతున్నది వాల్టర్ హ్యూస్టన్, అదే సంవత్సరం తెర మీద లింకన్. ఈ టాకీ చూడాలనుకునేవాళ్ళు ముందు ఆ కొద్ది నిమిషాల సంభాషణ చూసి, తర్వాత సినిమా మొదలుపెట్టండి.