సంతకం పెట్టింది సరే, ఆమెకి చెప్పిందెవరు?

పాలిథిన్ కవర్లోంచి మడతలు పడిన డిశ్చార్జి కాగితం తీసి మా క్లినిక్‌లో నా బల్ల మీద పెట్టింది. పలాస వైపు నుంచి పొద్దున్నే రైలెక్కి విశాఖ వచ్చిన మనిషి. వయసు 36. ఒళ్ళంతా ఆవిర్లు, రాత్రుళ్ళు నిద్ర లేదు, మోకాళ్ళ నొప్పులు. మూడేళ్ల కిందట గర్భసంచి తీయించుకుంది. ఎందుకని అడిగితే, "తెల్లబట్టవుతుండేదమ్మా. కేన్సరైపోద్దన్నారు. పిల్లలయిపోయినారు కదా, ఉంచుకొని ఏటి సేత్తావన్నారు" అంది. కాగితంలో ఆపరేషన్ పేరు పొడి అక్షరాల్లో ఉంది: టీఏహెచ్ విత్ బీఎస్‌వో. అంటే గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారు, ఆ ఆవిర్లు అందుకే. ఆ సంగతి నేను చెప్పేదాకా ఆమెకి తెలీదు. ఆ కాగితాన్ని మాత్రం మూడేళ్లుగా భద్రంగా దాచుకుంది.

ఏ ఆస్పత్రి అన్నది ఇక్కడ అనవసరం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తమ్మీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది. మన ఆడవాళ్లకి మాత్రమే పట్టుకునే గర్భసంచి జబ్బంటూ ఏదీ లేదు. తెల్లబట్టకి చాలావరకు మాత్రలు సరిపోతాయి. కేన్సరేమోనని అనుమానముంటే గర్భసంచి ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పాప్ స్మియర్ పరీక్ష ఉంది.

ఆమె ఫైల్లో అంగీకార పత్రం ఉండే ఉంటుంది. ఆ ఫారాలు నాకు బాగా తెలుసు. ఇంగ్లీషులో అచ్చు వేసి ఉంటాయి. "నాకు అర్థమయ్యే భాషలో అన్నీ వివరించారు" అన్న వాక్యం కూడా ఇంగ్లీషులోనే ఉంటుంది! సిస్టర్ బాల్‌పెన్నుతో ఇంటూ గుర్తు పెట్టి, ఇక్కడ పెట్టమ్మా అంటుంది. వేలిముద్రయితే ఇంక్ ప్యాడ్ సిద్ధం. విశాఖ పెద్దాస్పత్రి కేజీహెచ్ ఓపీ వరసలో కాసేపు నిలబడితే శ్రీకాకుళం తెలుగు, పాడేరు కొండల నుంచి వచ్చినవాళ్ల కువి భాష, కొరాపుట్ ఒడియా అన్నీ చెవిన పడతాయి. ఈ ఊరు ఇంతమందికి వైద్యం చేస్తోంది, ఫారానికి మాత్రం ఒకటే భాష.

నీతులు చెప్పే ముందు నా సంగతి చెప్పుకోవాలి. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు మర్నాటి థియేటర్ లిస్టుకి సంతకాలు పట్టుకొచ్చే పని నాదే. రాత్రి తొమ్మిదింటికి మొదలుపెడితే అరగంటలో వార్డు మొత్తం తిరిగేసేదాన్ని. ఒక్కరూ ఏమీ అడిగేవారు కాదు. అది నమ్మకం అనుకున్నాను. భయమని తర్వాతెప్పుడో అర్థమైంది.

2008లో సుప్రీంకోర్టు ఒక కేసు తేల్చింది. ఢిల్లీలో ఒకావిడ పరీక్ష కోసం లాపరోస్కోపీకి, అంటే పొట్టలోకి సన్నటి గొట్టం పెట్టి చూడటానికి, ఒప్పుకుంది. మత్తులో ఉండగానే, బయట కూర్చున్న తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణం మీదికి రానప్పుడు మేజరైన పేషెంటు బదులు తల్లి ఒప్పుకుంటే చెల్లదని, పరీక్షకి ఇచ్చిన అనుమతి ఆపరేషన్‌కి పనికిరాదని కోర్టు చెప్పింది. ఆవిడకి దక్కిన పరిహారం 25 వేల రూపాయలు. ఇక మా డాక్టర్ల 2002 ప్రవర్తనా నియమావళిలో, ఆపరేషన్‌కి ఎవరి అనుమతి రాతలో తీసుకోవాలో చెప్పే వాక్యం ఉంది. భర్త లేదా భార్య, మైనరైతే తల్లిదండ్రులు, ఆఖర్న పేషెంటు. ఆ వరసలోనే మా బుద్ధీ ఉంది. భర్త చెన్నైలో కూలికి వెళ్తే మరిది చేత సంతకం పెట్టించిన ఫైళ్లు చూశాను, పేషెంటు పూర్తి స్పృహతో పక్క మంచం మీద ఉండగానే.

డాక్టర్లందరూ దొంగలని నేననడం లేదు. లెక్క అలా ఉంది. 2007లో ఆరోగ్యశ్రీ రాకపోతే గుండె ఆపరేషన్‌కి పొలాలమ్ముకునే కుటుంబాలు ఎన్నో. కానీ ప్యాకేజీ డబ్బిచ్చేది కోతకి, కుట్టుకి, మంచానికి. "ఇది నీకు అక్కర్లేదమ్మా" అని పావుగంట కూర్చుని చెప్పిన డాక్టరుకి ఏ పథకంలోనూ పైసా రాదు. పైగా ఆస్పత్రికి ఒక కేసు పోగొట్టినవాడవుతాడు. ఊళ్లోంచి పంపిన ఆర్‌ఎంపీకి కమిషన్ ఎటూ ఇవ్వాలి (అది నిషిద్ధమని అదే నియమావళి చెబుతుంది, ఎవరికి పట్టింది?).

2019 నుంచి ఎంబీబీఎస్‌లో పేషెంటుతో మాట్లాడే పద్ధతి, వైద్య నీతి పాఠంగా పెట్టారు. మంచిదే. అనవసరంగా గర్భసంచులు తీయకుండా కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. నిఘా కమిటీలు వేయడం వాటిలో భాగమే. కమిటీ దాకా ఫైలు వెళ్లేసరికి అవయవం ఎలాగూ ఉండదు. నన్నడిగితే నలభై లోపు వయసు ఆవిడకి ఈ ఆపరేషన్ అత్యవసరం కానప్పుడు, ఆ ఆస్పత్రితో సంబంధం లేని రెండో డాక్టరు చూసి తీరాలి. ఆ చూసినందుకు, చెప్పినందుకు పథకమే ఫీజివ్వాలి.

మా క్లినిక్‌లో ఫారం తెలుగులో వేయించాను. చదివి వినిపించాక, నేనేం చెప్పానో నాకు తిరిగి చెప్పమంటాను. మొన్నామధ్య ఒకావిడ తిరిగి చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి, "అయితే మాత్రలేసుకుని ఆర్నెల్లు సూద్దునా అమ్మా?" అంది. చూడమన్నాను. థియేటర్ బుక్ చేసేశాం కదా మేడమ్ అని మా సిస్టర్ నసిగింది.