రోబోలను కాణిపాకం బస్సెక్కించండి

వెబ్‌సైట్లలో ఉన్న సమాచారాన్నంతా రోబోలనే కంప్యూటర్ ప్రోగ్రాములు రాత్రికి రాత్రే ఊడ్చుకుపోతున్నాయని లోకమంతా గగ్గోలు పెడుతోంది. చిత్తూరు జిల్లా ఉండగా ఇంత టెన్షన్ దేనికో!

ఇప్పుడున్న కట్టుదిట్టం చూడండి. 1994లో మొదలైన రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ పద్ధతి. సైటు గుమ్మంలో ఒక ఫైలు పెట్టి, ఫలానా రోబో రావద్దు, ఫలానా పేజీల జోలికి పోవద్దు అని రాస్తారు. వచ్చిన రోబో అది చదివి, సిగ్గుపడి, వెనక్కి పోవాలి. పోకపోతే? ఏమీ లేదు. 2022లో దీన్ని ఆర్‌ఎఫ్‌సీ 9309 అనే ఇంటర్నెట్ నిబంధనల పత్రంగా ఖాయం చేసిన పెద్దలే, ఇది ఎవరినీ ఆపే తాళం కాదని అందులో రాసిపెట్టారు.

అంతా మాట మీదే నడిచేటప్పుడు ఆ మాటేదో కాణిపాకంలో ఇప్పిస్తే పోలా? అప్పే తీసుకోలేదని వాదించినవాడు, వరసిద్ధి వినాయకుడి పేరెత్తగానే వడ్డీతో సహా లెక్క చెప్పే జిల్లా మనది.

ప్రమాణానికి ముందు కోనేట్లో ముంచితే సర్వర్లు పాడవుతాయంటారా, నాలుగు చుక్కలు చల్లితే సరి. అసలు చిక్కు పేరు దగ్గర. బుద్ధిమంతురాలైన రోబో తన పేరు చెప్పుకునే వస్తుంది. దొంగది మాత్రం ‘నేను మనుషులు వాడే మామూలు క్రోమ్‌నండీ’ అంటుంది. అడ్రసు అడిగితే నిమిషానికొకటి చెబుతుంది, అవీ ఎవరెవరి ఇళ్ల ఇంటర్నెట్ కనెక్షన్లవో. ప్రమాణానికి క్యూ కట్టేది మొదటి రకమే.

దొంగ దొరకలేదు కాబట్టి అనుమానం మన మీదికి మళ్లింది. మనిషివేనని రుజువు చేసుకోమంటున్నాయి సైట్లు. తిరుపతిలో ఒక నెట్ సెంటర్. మనవరాలి హాల్‌టికెట్ కోసం వచ్చిన పెద్దాయన ముందు తొమ్మిది గళ్ల బొమ్మ. ఫైర్ హైడ్రెంట్లు ఎక్కడున్నాయో నొక్కమంది.

‘ఇదేంది నాయనా, బోరింగా?’

‘బోరింగే అనుకోని నొక్కు తాతా.’

నొక్కాడు. తప్పంది. తర్వాత జీబ్రా క్రాసింగులు చూపించమంది. ఉన్న గీతలు ఎప్పుడో చెరిగిపోయిన ఊళ్లో బతికే మనిషి ఏం చూపిస్తాడు?

క్యాప్చాలనే ఈ పరీక్షలను రోబోలు మనుషులకన్నా వేగంగా, తక్కువ తప్పులతో పూర్తి చేస్తున్నాయని ఇర్విన్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు 2023లోనే తేల్చారు. అంటే తాత తప్పడమే ఆయన మనిషనడానికి రుజువు. ఇకమీదట తప్పినవాళ్లనే లోపలికి వదలాలని నా మనవి. మూడుసార్లు తప్పినవాళ్లను ఓటీపీ కూడా అడగొద్దు.