3కి 4 కలిపితే 7 కాదు మహాప్రభో

ఇప్పుడే ఒక పైథాన్ కోడ్ చూశా, ఇంకా ఒళ్ళు మండుతోంది. 230 వోల్టుల లైను మీద హీటర్ 3 ఆంపియర్లు, పక్కనే కాయిల్ 4 ఆంపియర్లు లాగుతున్నాయి. మొత్తం కరెంటెంత? ఆయన సుబ్బరంగా రెండూ కూడేసి 7 అని ప్రింట్ చేశాడు. పైన కామెంట్ కూడానూ, "సింపుల్ లాజిక్" అని.

హీటర్ కరెంటు వోల్టేజీతో కలిసి నడుస్తుంది. కాయిల్‌ది, దాని రెసిస్టెన్స్ వదిలేస్తే, 90 డిగ్రీలు వెనకబడుతుంది. ఒకటి పీక్‌లో ఉన్నప్పుడు రెండోది సున్నా దగ్గరుంటుంది. అంటే ఒకటి 3, రెండోది మైనస్ 4జే (జే అంటే మ్యాథ్స్ సార్ ఐ, మైనస్ ఒకటికి వర్గమూలం; ఇక్కడ 90 డిగ్రీల మలుపు). కూడితే 3-4జే, యాబ్స్, అంటే పరిమాణం, తీస్తే 5. వైరు చుట్టూ తగిలించి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ పెట్టినా 5 చూపిస్తుంది, దానికి సింపుల్ లాజిక్ తెలీదు పాపం. రెండింటిదీ అదే 50 హెర్ట్జ్ కాబట్టి ఫ్రీక్వెన్సీని గుమ్మం బయటే వదిలేసి ఎత్తూ కోణం మాత్రం లోపలికి తెచ్చుకుంటాం. కోడ్‌లో ఒక్క లైను. దానికీ బద్ధకమే.

ఎవరో "కోణం చూడు బాబూ" అన్నారట. వెంటనే ఇమాజ్‌ని రియల్‌తో (జే ఉన్న భాగాన్ని జే లేని భాగంతో) భాగించి, టాన్ విలువ నుంచి కోణం ఇచ్చే ఏటాన్ కొట్టాడు! మైనస్ 3 ప్లస్ 4జే ఇచ్చి చూడండి, మైనస్ 53.13 డిగ్రీలంటుంది. అసలు కోణం 126.87. భాగించగానే ఏ మైనస్ ఎవరిదో పోయింది మరి. పైథాన్‌లో సంకీర్ణ సంఖ్యల లైబ్రరీ సీమ్యాథ్‌లో ఫేజ్ అని ఒక ఫంక్షన్ ఎందుకు పెట్టారు, అలంకారానికా? అది రేడియన్లలో ఇస్తుంది, దాని పక్కన డిగ్రీ గుర్తు తగిలించేవాళ్ళు ఇంకో రకం.

పవర్ దగ్గర మరీ ఘోరం. వోల్టేజీని కరెంటు కాంజుగేట్‌తో (జే గుర్తు తిప్పేసిన సంఖ్యతో) గుణించాలి: 690+920జే, అందులో 690 అసలు వాట్లు. కాంజుగేట్ మరిచిపోతే 690-920జే, కాయిల్ కాస్తా కెపాసిటరై కూర్చుంటుంది. పవర్ ఫ్యాక్టర్ (అసలు వాట్లకీ, వోల్టు-ఆంపియర్ల లబ్ధానికీ నిష్పత్తి) విలువ మాత్రం రెండుసార్లూ 0.6 అనే వస్తుంది, అందుకే ఆ తప్పు ఏళ్ళ తరబడి హాయిగా బతికేస్తుంది. 230 బదులు పీక్ 325 పెట్టి, కరెంటుకీ పీకే పెట్టి, సగం చెయ్యనివాళ్ళకి వాట్లు రెట్టింపు. మ్యాట్‌ల్యాబ్ వాళ్ళు నవ్వకండి. అడ్డం వరసని నిలువు చేద్దామని ఒక్క కొట్టు (') పెడతారు, అది కాంజుగేట్ కూడా చేసేసి కోణాలన్నీ గుర్తు మార్చుకుంటాయి. ముందు చుక్క పెట్టాలని ఎంతమందికి గుర్తుంటుంది?

అయినా ఆయన్ని అని ఏం లాభం? ఇంటర్‌లో మ్యాథ్స్ సార్ సంకీర్ణ సంఖ్యలు, డిమూవర్ సిద్ధాంతం అని బిట్లు రుద్దించారు. ఫిజిక్స్ సార్ అదే ఏడాది ఏసీ సర్క్యూట్లలో బాణాలు గీయించారు. ఆ బాణమూ ఈ సంఖ్యా ఒకటేనని ఇద్దరిలో ఒక్కరన్నా అన్నారా? పైగా ఒమేగా అంటే ఈ క్లాసులో ఒకటికి ఘనమూలం, పక్క క్లాసులో కోణీయ పౌనఃపున్యం. పేరు చూడండి, "కల్పిత" భాగం! ఆ కల్పిత 4 ఆంపియర్లకి వైరు నిజంగానే వేడెక్కుతుంది సార్. ఎలక్ట్రికల్ ఇంజినీర్ స్టైన్‌మెట్జ్ ఏసీ లెక్కలకి ఈ పద్ధతి చెప్పింది 1893లో. మనం ఇంకా మాప-ఆయామ రూపం (సంఖ్యని ఎత్తూ కోణంగా రాయడం) అంటే మార్కుల ప్రశ్న అనే అనుకుంటున్నాం.

ఇంతలో ఆ కోడ్ సవరించారట, చూశా. 3+4 తీసేసి నేరుగా 5 అని రాశాడు.