అతుకుల బొంతలేనా ఆ ఎనిమిదీ?

పాత గూఢచారి సీరియళ్లంటే చెవి కోసుకునేవాళ్ల మధ్య ఓ మాట ఎప్పట్నుంచో చక్కర్లు కొడుతోంది. ఈ మధ్య ఎవరో దాన్ని మళ్లీ దుమ్ము దులిపి వదిలారు. ఎవర్ని కదిపినా అదే పాఠం అప్పజెబుతున్నారు. ఆ పాఠం ఇదీ:

"‘ది మ్యాన్ ఫ్రమ్ అంకుల్’ సీరియల్ నుంచి వచ్చిన ఎనిమిది సినిమాలూ టీవీ ఎపిసోడ్లని రెండేసి చొప్పున అతికించినవే. కొత్తగా తీసిన షాట్ ఒక్కటీ లేదు. అసలు సీరియలే బాండ్‌కి నకలు. ఇంట్లో ఉచితంగా చూసినదాన్ని టికెట్టు పెట్టి అమ్మారు. ఇంత తెగింపు ఇంకెవరూ చేయలేదు. 2015లో వచ్చింది తొమ్మిదోది, అదొక్కటే అసలైన సినిమా. ఇక ఎనిమిదింటిలోనూ చీఫ్‌గా కనిపించే ముసలాయన లియో జి. కారోల్ కుర్చీ దిగకుండా జీతం తీసుకున్నాడు."

తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఈ సీరియల్ అమెరికాలో ఎన్‌బీసీ ఛానల్లో 1964 సెప్టెంబరు 22న మొదలై 1968 జనవరి 15న ముగిసింది. మొత్తం 105 ఎపిసోడ్లు. అంకుల్ అంటే మామయ్యా కాదు, పక్కింటాయనా కాదు. అదో అంతర్జాతీయ గూఢచారి సంస్థ పేరుకి పొడి అక్షరాలు. రాబర్ట్ వాన్ వేసిన నెపోలియన్ సోలో అమెరికన్, డేవిడ్ మెకాలమ్ వేసిన ఇల్యా కుర్యాకిన్ రష్యన్. వీళ్లిద్దరి పై అధికారి వేవర్లీ, అంటే మన కారోల్. శత్రువు థ్రష్ అనే ముఠా. న్యూయార్క్‌లో దర్జీ దుకాణం వెనకాల వీళ్ల ఆఫీసు. ఏజెంటు లోపలికొచ్చి, బట్టలు కొలత చూసుకునే గదిలో దూరి, కోటు తగిలించే కొక్కెం తిప్పితే గోడ తెరుచుకుంటుంది. ఆ కొక్కెం తిప్పడం చూడ్డానికే వారం వారం టీవీ ముందు కూర్చున్నవాళ్లున్నారు.

ఇక "రెండేసి చొప్పున అతికించినవే, కొత్త షాట్ లేదు" అన్న మాట. అన్నిటికన్నా ఎక్కువ తిరుగుతున్నదీ, అన్నిటికన్నా ఎక్కువ తప్పున్నదీ ఇదే.

మొదటి రెండు సినిమాలు ‘టు ట్రాప్ ఏ స్పై’, ‘ది స్పై విత్ మై ఫేస్’. ఈ రెండింటికీ మూలం రెండేసి ఎపిసోడ్లు కాదు, ఒక్కొక్కటే. మొదటిదానికి సీరియల్ తొలి ఎపిసోడ్, రెండోదానికి 1964 నవంబరులో వచ్చిన సోలో డూప్ కథ. గంట స్లాటులో వచ్చే ఎపిసోడ్‌లో ప్రకటనలు తీసేస్తే మిగిలేది 50 నిమిషాలు. సినిమా నిడివి సుమారు గంటన్నర. మిగతా నిమిషాలు ఆకాశం నుంచి ఊడిపడలేదు కదా. టీవీ నిడివికి సరిపోక పక్కన పెట్టిన పైలట్ (సీరియల్‌కి నమూనాగా ముందే తీసిన తొలి ఎపిసోడ్) ముక్కలు కొన్ని, సినిమా కోసమే పనిగట్టుకుని తీసిన సన్నివేశాలు కొన్ని. అప్పటి టీవీ ఒప్పుకోని కాస్త ఘాటు శృంగారం, కాస్త ముదురు హింస ఆ కొత్త సన్నివేశాల్లోకి చేరాయి.

‘టు ట్రాప్ ఏ స్పై’నే తీసుకోండి. తొలి ఎపిసోడ్ కథలో సోలో ఓ మామూలు గృహిణి దగ్గరికి వెళతాడు. పిల్లలూ ఇంటి పనులూ తప్ప ఇంకో లోకం ఎరగని మనిషి. ఆవిడ కాలేజీ రోజుల్లో స్నేహం చేసినవాడు ఇప్పుడు పెద్ద పారిశ్రామికవేత్త, శత్రువుల మనిషి. వాడి దగ్గరికి చేరడానికి సోలోకి ఈవిడ కావాలి. ఈ భాగం ఎపిసోడ్‌లోనూ ఉంది, సినిమాలోనూ ఉంది. కానీ సినిమాలో ఏంజెలా అని ఇంకో మనిషి ఉంది. ఇటాలియన్ నటి లూచియానా పలూట్సీ వేసింది. తీయగా మాట్లాడుతూ ఏజెంట్లని చావుకి అప్పజెప్పే రకం. ఆ ఎపిసోడ్ వందసార్లు చూసినా ఈవిడ కనబడదు, ఎందుకంటే అందులో లేదు. ఆవిడ భాగం మొత్తం తరవాత తీసి కలిపినదే.

ఇక్కడ ఇంకో తమాషా ఉంది. సినిమా కోసం తీసిన ఆ ఏంజెలా భాగాన్ని ఊరికే పోనివ్వడం ఎందుకని, దాని చుట్టూ ఇంకో కథ అల్లి 1965 ఫిబ్రవరిలో ‘ది ఫోర్-స్టెప్స్ ఎఫైర్’ పేరుతో టీవీ ఎపిసోడ్ చేశారు. అంటే టీవీ నుంచి సినిమాకి సరుకు వెళ్లడమే కాదు, సినిమా నుంచి టీవీకీ వచ్చింది. "ఎపిసోడ్లు అతికించి సినిమా చేశారు" అనేవాళ్లు, సినిమా ముక్కతో ఎపిసోడ్ చేసిన సంగతి ఎందుకు చెప్పరో మరి!

రంగుల సంగతి కూడా చూడాలి. సీరియల్ మొదటి సీజను ప్రసారమైంది నలుపు తెలుపుల్లో. సినిమాగా మార్చాలనుకున్న రెండు కథల్నీ మాత్రం రంగుల్లో తీసి, టీవీలో నలుపు తెలుపుల్లో వేశారు. టీవీలో చూసినవాడు కూడా థియేటర్లో చూసేది తెర నిండా రంగుల్లో, మొదటిసారి.

మూడో సినిమా నుంచి మాత్రం వాళ్ల మాటలో కొంత పస ఉంది. ‘వన్ స్పై టూ మెనీ’ మొదలుకుని చివరి ‘హౌ టు స్టీల్ ది వరల్డ్’ దాకా ఆరింటికీ రెండు భాగాల ఎపిసోడ్లే ఆధారం. ఒప్పుకుంటాను. కానీ వాటిలోనూ కత్తెరే కాదు, కెమెరా కూడా పనిచేసింది. ‘వన్ స్పై టూ మెనీ’లో అంకుల్ ఆఫీసు అమ్మాయిగా వచ్చే ఇవాన్ క్రెయిగ్ (తరవాత బ్యాట్‌గర్ల్‌గా పేరు తెచ్చుకున్నావిడే) టీవీ రూపంలో లేనే లేదు. ఐదోదాంట్లో జాక్ పాలన్స్, జానెట్ లీ. ఆరోదైన ‘ది కరాటే కిల్లర్స్’లో జోన్ క్రాఫర్డ్, హెర్బర్ట్ లామ్, టెలీ సవాలస్, కర్ట్ యూర్గెన్స్, టెర్రీ-థామస్. ఇంతమందిని ఒక్క కథలో కుక్కడం చూస్తే, రాసేటప్పుడే థియేటర్ మీద కన్నేశారని తెలుస్తూనే ఉంది. చివరి రెండూ మాత్రం నాకూ నచ్చవు. మధ్యలో భాగం ఒకటి అయిపోయి రెండు మొదలైన చోటు గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. వాటిని అతుకుల బొంతలంటే నేను అడ్డు రాను. ఎనిమిదింటినీ ఒకే గాటన కట్టడం మీదే నా పేచీ.

"బాండ్‌కి నకలు." నకలే అయితే, అసలు రాసిన మనిషి నకలు తయారీలో కూడా చెయ్యేశాడు మరి. నిర్మాత నార్మన్ ఫెల్టన్ సీరియల్ ఆలోచన మొదలుపెట్టినప్పుడు పిలిచింది ఇయాన్ ఫ్లెమింగ్‌నే. నెపోలియన్ సోలో అన్న పేరు ఫ్లెమింగ్ ఇచ్చిందే. సీరియల్‌కి మొదట ‘సోలో’ అనే పేరు పెట్టాలనుకున్నారు. అయితే ‘గోల్డ్‌ఫింగర్’లో సోలో అనే గ్యాంగ్‌స్టర్ ఒకడున్నాడు. బాండ్ సినిమాల నిర్మాతలు అభ్యంతరం పెట్టారు, పేరు మారింది. ఫ్లెమింగ్ కూడా 1963లో తన హక్కులు నామమాత్రంగా 1 పౌండుకి వదులుకుని తప్పుకున్నాడు. ఆ తరవాత సీరియల్‌కి ఒళ్లూ ఊపిరీ ఇచ్చింది శామ్ రోల్ఫ్.

ఆ ఒళ్లు బాండ్‌ది కాదు. బాండ్ ఒంటరివాడు, ఒక దేశం నౌకరు. ఇక్కడ అమెరికన్, రష్యన్ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. క్యూబా క్షిపణుల గొడవ అయ్యింది 1962 అక్టోబరులో. రెండేళ్లు తిరక్కుండానే అమెరికన్ ఇళ్లలోని టీవీలో ఒక సోవియట్ ఏజెంటు హీరో అయి కూర్చున్నాడు. అతనికి పైలట్‌లో ఉన్నది నాలుగు మాటలే. జనం, ముఖ్యంగా కుర్రకారు, ఆ బంగారు జుట్టు రష్యన్‌ని నెత్తిన పెట్టుకున్నారు కాబట్టి పాత్ర పెరిగింది. పైగా ఇందాక చెప్పిన గృహిణి లాంటి అమాయకురాలో అమాయకుడో దాదాపు ప్రతి కథలో ఇరుక్కుంటారు. గూఢచారుల లోకాన్ని మనం వాళ్ల కళ్లతో చూస్తాం. బాండ్ కథలో అలాంటి మనిషికి చోటెక్కడ?

"ఉచితంగా చూసినదాన్ని అమ్మారు." ఇందులో న్యాయం ఉంది, దాచను. 1966లో అమెరికాలో మొదటి రెండింటినీ జంటగా ఒకే టికెట్టు మీద విడుదల చేశారు. టీవీలో ప్రతి ఎపిసోడ్ పేరు చివరా ‘ఎఫైర్’ అని ఉంటుంది. సినిమాకి వచ్చేసరికి ఆ పేరు మాయం. ఎనిమిదింటిలో ఆరు పేర్లలో ‘స్పై’ అన్న మాట వచ్చి కూర్చుంది. పేరు చూసి కొత్త కథ అనుకుని వెళ్లినవాడికి పది నిమిషాల్లో పాత గృహిణి ఎదురైతే ఒళ్లు మండదా? మండుతుంది. పోస్టరు మీద ఒక్క ముక్క రాసి ఉండాల్సింది.

కానీ ఎంజీఎం స్టూడియో ఈ సినిమాలు చేసింది అమెరికా ప్రేక్షకుడి కోసం మాత్రమే కాదు. వీటి పెద్ద మార్కెట్టు బయటి దేశాలు, తరవాతి సినిమాలకైతే మరీ. బ్రిటన్‌లో సీరియల్‌ని బీబీసీ చూపించింది, కానీ అక్కడ ప్రధాన ఛానల్‌కి రంగులొచ్చింది 1969 చివర్లో. అప్పటికి సీరియలే ముగిసిపోయింది. ఆ దేశపు అభిమానికి సోలోని రంగుల్లో చూడాలంటే థియేటర్ ఒక్కటే దారి. అతన్ని పట్టుకుని "నువ్వు మోసపోయావు" అంటే నవ్విపోతాడు.

"ఇంకెవరూ చేయలేదు." చేశారు, అంతకు ముందే చేశారు. డేవీ క్రాకెట్ కథని డిస్నీ 1954, 55లలో మూడు టీవీ ఎపిసోడ్లుగా వేసి, ఆ మూడింటినీ కలిపి 1955లోనే సినిమాగా వదిలాడు. అదీ అంతే, టీవీలో నలుపు తెలుపు, థియేటర్లో రంగులు. తరవాత ‘మిషన్ ఇంపాజిబుల్’ సీరియల్‌లోని రెండు భాగాల కథా ఇలాగే సినిమాగా విదేశాలకి వెళ్లింది. అంకుల్ వాళ్లు చేసినదల్లా ఎనిమిదిసార్లు చేయడం.

2015 సినిమా తొమ్మిదోది కాదు. గై రిచీ తీసిన అది కొత్త నటులతో, కథని మళ్లీ మొదట్నుంచి ఎత్తుకున్నది. పాతవాటికి కొనసాగింపు కావాలంటే 1983లో టీవీ కోసమే తీసిన సినిమా ఉంది. అందులో వాన్, మెకాలమ్ ఇద్దరూ ఉన్నారు. చీఫ్ మాత్రం ప్యాట్రిక్ మెక్‌నీ, ఎందుకంటే కారోల్ 1972లోనే పోయారు.

ఆయన దగ్గరికే వద్దాం. నాకు ఈ ఖండన రాయాలనిపించింది ఆ ఆఖరి వాక్యం చదివాకే.

"కుర్చీ దిగకుండా జీతం" అన్నారు. కుర్చీ సంగతి నిజమే. గుండ్రటి బల్ల, దాన్ని చేత్తో తిప్పితే ఫైలు ఎదుటివాడి ముందుకి వెళుతుంది, చేతిలో పైపు, మొహంలో ఏ భావమూ బయటపడదు. సీరియల్ మొదలయ్యేసరికి ఆయనకి 77 ఏళ్లు. పరిగెత్తమంటారా? 1966లో ‘ది గర్ల్ ఫ్రమ్ అంకుల్’ అని రెండో సీరియల్ మొదలైతే అందులోనూ వేవర్లీ ఆయనే. అదే అక్టోబరులో ఆయనకి 80 నిండాయి. ఎనభయ్యో ఏట వారం వారం రెండు సీరియళ్లకి డైలాగులు బట్టీ పట్టినవాణ్ణి పనిదొంగ అనడానికి నోరెలా వచ్చిందో.

పైగా ఆ కుర్చీ ఊరికే దొరికింది కాదు. రంగస్థలం, సినిమా, టీవీ, మూడుచోట్లా దశాబ్దాల తరబడి పని చేసిన మనిషి. హిచ్‌కాక్ సినిమాలు ఆరింటిలో వేశారు, 1940 నాటి ‘రెబెకా’ మొదలుకుని. ఒకదాంట్లో డాక్టరు, ఒకదాంట్లో సెనేటరు, ఒకదాంట్లో కోర్టులో ప్రాసిక్యూటరు, ‘స్పెల్‌బౌండ్’లో ఆసుపత్రి పెద్ద డాక్టర్ మర్చిసన్. ఎన్ని వేసినా గొంతు పెంచడం కనబడదు.

ఆరోది ‘నార్త్ బై నార్త్‌వెస్ట్’, 1959. అందులో ఆయన ప్రొఫెసర్ అని పిలిపించుకునే గూఢచారి చీఫ్. ఓ అమాయకుణ్ణి శత్రువులు తమ ఏజెంటు అనుకుని వెంటాడుతుంటారు. బల్ల చుట్టూ కూర్చుని అతని గతేమిటని మాట్లాడుకుంటుంటే, అతన్ని అతని ఖర్మకి వదిలేయడమే మనకి లాభమని ఈయన నెమ్మదిగా తేల్చేస్తాడు. కోపం లేదు, బాధ లేదు, వర్షం పడుతుందేమో అన్నంత మామూలుగా. తరవాత విమానాశ్రయంలో క్యారీ గ్రాంట్‌కి అసలు గుట్టు విప్పే చోట విమానం హోరులో మాటలు మనకి వినబడవు. అయినా ఆ నడకలో, ఆ తల తిప్పుళ్లలో ఏం చెబుతున్నాడో అర్థమైపోతుంది. ఐదేళ్ల తరవాత వేవర్లీ అయ్యింది ఈ మనిషే. సోలోని చావు అంచుకి పంపిస్తూ బల్ల తిప్పే ఆ నిదానం కుర్చీలో కూర్చున్నంత మాత్రాన ఎవరికీ రాదు.

ఇక "ఎనిమిదింటిలోనూ" అన్నారే, అదీ తప్పే. పైలట్ తీసినప్పుడు అంకుల్ చీఫ్ వేవర్లీ కాదు. ఆ పాత్ర పేరు ఎలిసన్, వేసింది విల్ కులువా. టీవీ ప్రసారానికి ముందు ఆయన్ని తీసేసి, ఆ సన్నివేశాలని కారోల్‌తో మళ్లీ తీశారు. సినిమాలో మాత్రం మార్చలేదు. ‘టు ట్రాప్ ఏ స్పై’ పెట్టి చూడండి, చీఫ్ గదిలో కనిపించేది కులువాయే. శత్రు ముఠా పేరు కూడా అందులో థ్రష్ కాదు, వాస్ప్. ఎనిమిదీ కంఠతా వచ్చినట్టు ఆ మాట రాసిన పెద్దమనిషి, ఎవరో గాని, మొదటి సినిమా చూడనే లేదు.