మా బాబాయి పంపిన ‘డెంటల్ మాఫియా’ మెసేజ్‌కి జవాబు

ఈ నెలలో ఇది పదకొండోసారి. అదే మెసేజ్, పైన అదే పుర్రె బొమ్మ, ‘డెంటల్ మాఫియా మీకు చెప్పని 7 నిజాలు, కనీసం పది మందికి పంపండి’. ఇంటర్ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, ఎప్పుడో చెల్లి పెళ్ళికని పెట్టి ఇంకా మూయని గ్రూపులో వచ్చింది. చివరికి మా బాబాయి నాకు విడిగా పంపాడు. ‘నిజమేనారా?’ అని అడిగి ఉంటే బాగుండేది, ‘జాగ్రత్త’ అని రాశాడు. పద్దెనిమిదేళ్ళుగా పళ్ళు చూసుకునే బతుకుతున్నవాడికి పళ్ళ గురించి జాగ్రత్త చెప్పాడు. సరే బాబాయ్, పేషెంట్లు అయిపోయాక కూర్చుని రాస్తున్నా, చివరిదాకా చదువు.

మొదటి ‘నిజం’. పుప్పి పన్నులో పురుగులుంటాయట, వాకుడు గింజల పొగ పడితే రాలిపోతాయట. వీడియో కూడా జత చేశారు, నీళ్ళ గిన్నెలో తెల్లగా వంకరగా ఏవో తేలుతుంటాయి. అవి గింజల్లోపలి మొలకలు. వేడికి గింజ పగిలి బయటపడతాయి. నమ్మకం లేకపోతే ఎవరి నోరూ మధ్యలో పెట్టకుండా అదే పొగ గిన్నె మీద పట్టి చూడండి, అప్పుడూ ‘పురుగులు’ రాలతాయి. గిన్నెకి కూడా పిప్పి పన్నుందేమో. పియర్ ఫొషార్ అనే ఫ్రెంచి ఆయన ఈ పంటి పురుగు మాటని 1728లోనే కొట్టిపారేశాడు, మనం ఇంకా వీడియోలు తీసుకుంటున్నాం.

రెండోది, పై పన్ను పీకితే చూపు పోతుందని. పై పళ్ళకి వెళ్ళే నరం వేరు, కంటి నరం వేరు, రెండూ మెదడు నుంచే విడివిడిగా వస్తాయి. పళ్ళు పీకించుకునే వయసూ శుక్లాలొచ్చే వయసూ ఒకటే కాబట్టి ఈ పుకారు చావదు. అంతే, ముందుకెళదాం.

మూడోది, క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయి. ఇది రోజూ వినేదే. ఏళ్ళ తరబడి గార పేరుకుని, దాని కింద చిగురు, ఎముక కరిగిపోయి, పన్ను ఆ గార ఆసరాతోనే నిలబడి ఉంటుంది. గార తీయగానే అసలు పరిస్థితి బయటపడుతుంది, తిట్లు నాకు పడతాయి. కొన్నాళ్ళు చల్లనీళ్ళు తగిలితే జివ్వుమంటుంది, అది ఒప్పుకుంటా.

నాలుగోది, పాల పళ్ళు ఎలాగూ ఊడిపోయేవే, వాటికి వైద్యమెందుకని. వెనక ఉండే పాల దవడ పళ్ళు పది పన్నెండేళ్ళ దాకా ఉంటాయండీ. ఆరేళ్ళ పిల్ల ఇంకో నాలుగేళ్ళు నొప్పితో ఒకవైపే నమలాలా?

ఐదోది మాత్రం నాకు కోపం తెప్పించింది. ఒకవైపు కాళ్ళు వంకర్లు పోయిన పిల్లవాడి ఫోటో, పక్కనే టూత్‌పేస్ట్ ట్యూబు, కింద ‘నల్గొండ పిల్లల్ని ఇలా చేసిన ఫ్లోరైడ్‌తోనే మీరు రోజూ పళ్ళు తోముతున్నారు’. నేను పుట్టిందే నల్గొండ జిల్లా మర్రిగూడ మండలంలో. నా ముందు పళ్ళ మీద ఇప్పటికీ గోధుమరంగు చారలున్నాయి, కొత్త పేషెంట్లు అవి చూసి ‘డాక్టరు పళ్ళే ఇట్లున్నాయి’ అనుకోవడం కూడా నాకు తెలుసు. మా ఊరి బాధని తెచ్చి పేస్ట్ ట్యూబు పక్కన అతికించినవాడికి మా ఊరి గురించి ఏం తెలుసు?

లెక్క చూడండి. మన దగ్గర టూత్‌పేస్ట్‌లో ఫ్లోరైడ్ 1000 పీపీఎంకి మించకూడదు, అంటే గ్రాము పేస్ట్‌లో ఒక మిల్లీగ్రాము. బఠాణీ గింజంత పేస్ట్ పావు గ్రాము అనుకుంటే అందులో పావు మిల్లీగ్రాము, అది కూడా ఉమ్మేస్తాం. అదే లీటరుకి 4 మిల్లీగ్రాములున్న బోరు నీళ్ళు, ఎండలో పనిచేసే మనిషి రోజుకి నాలుగు లీటర్లు తాగితే, 16 మిల్లీగ్రాములు కడుపులోకి. రోజూ, ఏళ్ళకేళ్ళు, ఆ నీళ్ళతోనే వంట. తాగేనీళ్ళలో లీటరుకి ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా సర్దుకోవచ్చని మన ప్రమాణాలే చెబుతున్నాయి. ఇది ఇప్పుడు తెలిసిన సంగతీ కాదు, అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్ళలో ఎముకల ఫ్లోరోసిస్ గురించి, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు పాడయ్యే జబ్బు గురించి, 1937లోనే షార్ట్ బృందం రాసింది. నీళ్ళలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్ నీరి సంస్థ తయారుచేస్తే దానికి ‘నల్గొండ టెక్నిక్’ అని మా పేరే పెట్టారు, అది ఆఫ్రికా దాకా వెళ్ళింది. పేరు రావడానికి మేం కట్టిన ధర వేరే చెప్పాలా.

తమాషా ఏమిటంటే పళ్ళకి ఫ్లోరైడ్ మంచిదని కనిపెట్టింది కూడా ఇలాంటి మచ్చల పళ్ళు చూసే. 1901లో అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊరికి మెకే అనే పళ్ళ డాక్టరు వెళితే అక్కడ చాలామంది పళ్ళ మీద గోధుమరంగు మచ్చలే, కానీ అవి అంత తొందరగా పుచ్చవు. కారణం నీళ్ళలో ఫ్లోరైడ్ అని తేలడానికి 1931 దాకా పట్టింది. ఎక్కువైతే ఎముకలు పాడు, కొద్దిగా పంటి పైన తగిలితే ఎనామిల్‌కి బలం.

ఇక్కడ మెసేజ్ రాసినవాడికి ఒకటి వదిలేస్తున్నా. చిన్నపిల్లలు పేస్ట్ మింగేస్తారు. పళ్ళు చిగుళ్ళ లోపల తయారవుతున్న వయసులో మింగడం మంచిది కాదు, అందులోనూ ఇప్పటికీ బోరు నీళ్ళే తాగుతున్న ఊళ్ళలో. మూడేళ్ళలోపు వాళ్ళకి బియ్యపు గింజంత, ఆరేళ్ళ వరకు బఠాణీ గింజంత చాలు, అదీ పెద్దవాళ్ళు పక్కన నిలబడి ఉమ్మించాలి. మరి టీవీ యాడ్‌లో బ్రష్ ఈ చివర నుంచి ఆ చివర దాకా పాము పడుకున్నట్టు పేస్ట్ వేసి చూపిస్తారే, దాని మీద ఒక ఫార్వర్డ్ తయారుచేస్తే నేనే పది మందికి పంపేవాణ్ణి.

ఇక ఆరోది. ఈ మెసేజ్‌లో మిగతావన్నీ తెలివితక్కువతనం, ఇది మనుషుల్ని చంపే రకం. ‘క్యాన్సర్ వచ్చినవాళ్ళలో 97 శాతం మందికి రూట్ కెనాల్ అయి ఉంది. చచ్చిన పన్ను ఒంట్లో ఉంచుకోకండి. దవడ వాస్తే వేడి కాపడం పెట్టి, లవంగ నూనె రాసి, పొద్దున్నే ఆయిల్ పుల్లింగ్ చేస్తే వారంలో చీము దానంతటదే పోతుంది.’

97 శాతం ఎవరు లెక్కపెట్టారు? ఏ ఊళ్ళో, ఏ ఆసుపత్రిలో? ఏమీ ఉండదు. మన జిల్లా క్యాన్సర్ పేషెంట్లలో 97 శాతం మంది చెప్పులు కూడా వేసుకునే ఉంటారు, రేపట్నుంచి ఉత్త కాళ్ళతో తిరుగుదామా? ఈ కథకి మూలం అమెరికాలో 1920ల నాటి వెస్టన్ ప్రైస్ అనే డెంటిస్టు. రూట్ కెనాల్ చేసిన పళ్ళు పీకి కుందేళ్ళ చర్మం కింద పెట్టి, అవి జబ్బుపడితే చూశారా అన్నాడు. సూక్ష్మక్రిములతో నిండిన పన్ను తెచ్చి చర్మం కింద కుడితే కుందేలు జబ్బుపడక ఏం చేస్తుంది? తర్వాత జాగ్రత్తగా చేసి చూసినవాళ్ళకి ఆ ఫలితం రాలేదు. కానీ ఈలోపు ఆ నమ్మకం మీద వేలమందికి బాగున్న పళ్ళు పీకేశారు. న్యూజెర్సీలో ట్రెంటన్ మానసిక ఆసుపత్రిలో హెన్రీ కాటన్ అనే డాక్టరు పిచ్చికి కారణం పళ్ళలో ఉందని రోగులకి పళ్ళన్నీ పీకాడు, తగ్గకపోతే టాన్సిల్స్, ఆ తర్వాత పేగులు. చాలామంది చచ్చిపోయారు. సొంత కొడుకుల పళ్ళు కూడా పీకించాడంటే ఎంత నమ్మాడో చూడండి. మా బాబాయి ఈ మెసేజ్‌ని నమ్మినంత.

పరిశోధన కావాలంటే 2013లో అమెరికాలో ఒకటి వచ్చింది, పుచ్చు పళ్ళు ఎక్కువున్నవాళ్ళలో తల, మెడ క్యాన్సర్లు తక్కువగా కనిపించాయి. అలాగని పళ్ళు పుచ్చబెట్టుకోమని ఎవరూ అనలేదు. నోటి క్యాన్సర్ ఎందుకొస్తుందో తెలుసుకోవడానికి అమెరికా దాకా కూడా అక్కర్లేదు. శ్రీకాకుళం పల్లెల్లో అడ్డపొగ, అంటే నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట తాగడం, దాని మీద 10,169 మంది నోళ్ళు చూసి రాసిన పరిశోధన 1971లోనే అచ్చయింది. వాళ్ళ అంగిళ్ళు ఎలా ఉన్నాయో అందులో ఉంది. ఈ ఏడు నిజాల్లో పొగాకు మాట ఒక్కచోట కూడా లేదు, గమనించారా? ఈ మెసేజ్ నాకు పంపిన మనిషి చొక్కా జేబులోనే జర్దా పొట్లం ఉంటుంది, బాబాయ్, పిన్నికి తెలియదనుకోకు.

చచ్చిన పన్ను అంటారా. లోపలి నరం పోయినా పన్నుని పట్టుకున్న ఎముక, దాని చుట్టూ ఉన్న పొర బతికే ఉంటాయి. చచ్చింది ఏదీ ఒంటి మీద ఉండకూడదంటే జుట్టు, గోళ్ళు కూడా చచ్చినవే, తిరుపతి వెళ్ళి గుండుతో ఆగకండి మరి.

కాపడం సంగతి చెప్పాలి. మొన్న ఎండాకాలంలో ఒకామె వచ్చింది, యాభై దాటి ఉంటాయి. కింది దవడ పన్ను, ఆరు రోజులుగా ఇటుక వేడిచేసి గుడ్డలో చుట్టి కాపడం, లవంగ నూనె, మధ్యలో ఎవరికో రాసిచ్చిన మాత్రలు రెండు. నా దగ్గరికి వచ్చేసరికి దవడ కింద మెడంతా గట్టిపడి ఉంది, నోరు వేలెడు కూడా తెరుచుకోవట్లేదు, ఉమ్మి మింగలేక చెంగుతో తుడుచుకుంటోంది. నేను కుర్చీలో కూడా కూర్చోబెట్టలేదు, అదే ఆటోలో పెద్దాసుపత్రికి పంపేశాను. మెడ కింద కోసి చీము తీశారు, పన్నెండు రోజులుంది. బతికింది. దీన్ని లుడ్విగ్స్ యాంజైనా అంటారు, 1836లో లుడ్విగ్ అనే జర్మన్ డాక్టరు రాసినప్పటి నుంచి తెలిసిందే. నాలుక పైకి లేచి ఊపిరి ఆడే దారి మూసుకుపోతుంది. యాంటీబయాటిక్స్ లేని రోజుల్లో వచ్చినవాళ్ళలో సగానికి పైగా పోయేవారు. దవడ కింద వాపు, జ్వరం, నోరు తెరుచుకోకపోవడం, మింగలేకపోవడం, వీటిలో ఏవి కనిపించినా క్లినిక్కి కూడా కాదు, తిన్నగా క్యాజువాలిటీకి. ఆమె ఫోన్లో ఈ మెసేజే ఉందని వాళ్ళబ్బాయి చూపించాడు. అందుకే ఇంత పొడుగు రాస్తున్నా.

లవంగ నూనె నొప్పి తగ్గిస్తుంది, అబద్ధం కాదు. అందులోని యూజెనాల్‌నే జింక్ ఆక్సైడ్‌తో కలిపి మేం తాత్కాలికంగా పన్ను నింపుతాం, నా గదిలో ఎప్పుడూ ఆ వాసనే. నొప్పి తగ్గడం వేరు, లోపలి చీము పోవడం వేరు. నూనె పుక్కిలించడం వల్ల నోట్లో బ్యాక్టీరియా కొంత తగ్గవచ్చని చిన్న చిన్న పరిశోధనలున్నాయి, అలవాటున్నవాళ్ళు చేసుకోండి, బ్రష్ మాత్రం మానకండి. పంటి వేరు కింద చీముకి నువ్వుల నూనె ఎలా చేరుతుందో నాకెవరైనా బొమ్మ గీసి చూపిస్తే ఫీజు నేనే ఇస్తా.

ఏడోది: డెంటిస్టులు డబ్బు కోసం అక్కర్లేని వైద్యం చేస్తారు.

దీనికి ఖండన రాయలేను. నేను చదువైపోయాక మొదట చేరిన క్లినిక్‌లో నెలకి ఇన్ని రూట్ కెనాళ్ళు, ఇన్ని క్యాపులు అని బోర్డు మీద రాసేవారు, అవి పూర్తికాని నెల మీటింగ్‌లో ఎలా మాట్లాడేవారో ఇప్పటికీ గుర్తుంది. ఏడు నెలలకి మానేశాను, ఆ ఏడు నెలల్లో చేసినవాటిలో ఒకటి రెండు ఫిల్లింగ్‌తో సరిపోయేవేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది. నొప్పే లేని మనిషికి ఒకేసారి ఆరు రూట్ కెనాళ్ళు అన్నారంటే ఎక్స్‌రే చూపించి ఏ పన్నులో ఎంత లోతుకి పుచ్చిందో చెప్పమనండి, ఎక్స్‌రే మీరు తీసుకుని ఇంకొకరికి చూపించండి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో గవర్నమెంట్ డెంటల్ కాలేజీ ఉంది, విజయవాడలోనూ ఉంది. లైనుంటుంది, సగం రోజు పోతుంది, కానీ అక్కడ చూసేవాళ్ళకి బోర్డు మీద టార్గెట్ ఉండదు.

బాబాయ్, ఇంకొక్క మాట. నీ ఎడమవైపు కింద, చివరి నుంచి రెండో పన్నుకి క్యాప్ ఉంది కదా, దాని కింద రూట్ కెనాల్ చేసింది నేనే, నా ప్రాక్టీసు పెట్టిన మొదటి సంవత్సరం, నీ దగ్గర డబ్బులు కూడా తీసుకోలేదు. మొన్న సంక్రాంతికి మా ఇంట్లో డబ్బాడు చేగోడీలు నమిలింది ఆ వైపే.