నడుము నొప్పి వెనక ఒక ప్రొటీన్

కణం ప్రొటీన్లను ఎలా తయారు చేసుకుంటుందో తేల్చడానికి శాస్త్రవేత్తలు బారులు తీరిన కాలంలో, వాటిని ఎలా వదిలించుకుంటుందో పట్టించుకున్నవారు కొద్దిమందే. ఇజ్రాయెల్‌లో అవ్రామ్ హెర్ష్కో, ఆయన శిష్యుడు ఆరన్ సీకనోవర్, అమెరికాలో ఇర్విన్ రోజ్ ఆ కొద్దిమందిలోని వారు. వారిని వేధించింది రోగం కాదు, ఒక చిక్కుప్రశ్న. ప్రొటీన్‌ను ముక్కలు చేయడానికి కణం శక్తిని ఎందుకు ఖర్చు పెడుతోంది? ఏది ఉండాలో ఏది పోవాలో ఎంచుకోవడానికని తేలింది. పోవలసిన ప్రొటీన్‌కు 76 అమైనో ఆమ్లాల యుబిక్విటిన్ అనే చిన్న ప్రొటీన్‌ను గొలుసుగా తగిలిస్తుంది కణం. ఆ గుర్తున్నదాన్ని కణంలోని ప్రొటియాజోమ్ అనే యంత్రం లోపలికి లాక్కుని తునకలు చేస్తుంది. 2004లో ముగ్గురికీ రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది.

దీనితో అనంతపురానికి పనేమిటి? చాలా ఉంది. మల్టిపుల్ మైలోమా అనే క్యాన్సర్‌లో ఎముక మజ్జలో యాంటీబాడీలు తయారు చేసే ప్లాస్మా కణాలు అదుపు తప్పి, సాధారణంగా ఒకే రకం ప్రొటీన్‌ను గుట్టలుగా తయారు చేస్తాయి. అంత తయారు చేసే కణానికి పాడైన ప్రొటీన్ల బెడద కూడా ఎక్కువే. ప్రొటియాజోమ్‌ను ఆపితే అవి పేరుకుపోయి కణం చస్తుంది. 2003లో అమెరికాలో ఆమోదం పొందిన బోర్టెజోమిబ్ చేసే పని ఇదే. ఈ మందుకు దారితీసిన పరిశోధన మొదట కండరాల క్షీణతను ఆపాలని మొదలైంది! వెంటనే ఫలితం చూపని పరిశోధనకు నిధులెందుకని అడిగేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మైలోమా తరచుగా నడుములోనే బయటపడుతుంది. ఏళ్ల తరబడి వేరుశనగ చేలో వంగి కలుపు తీసిన మనిషికి అరవై దాటాక నడుము నొప్పి వస్తే ఎవరికీ అనుమానం రాదు. ఫ్లోరైడ్ నీళ్లున్న ఊరైతే కారణం ముందే సిద్ధం. నొప్పికి మాత్రలు, రక్తం తగ్గితే ఐరన్, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగితే మరో డాక్టరు. ఈ మూడూ ఒకే మనిషిలో కనిపించాయని కలిపి చూసేవారేరి? కలిపి చూస్తే చేయించాల్సింది సీరం ప్రొటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ అనే రక్త పరీక్ష. రిపోర్టులో మామూలుగా గుట్టలా పరుచుకునే గామా భాగం (యాంటీబాడీలు కనిపించే చోటు), ఈ జబ్బులో చాలామందికి సన్నని ముల్లులా నిటారుగా లేస్తుంది. ఆ ముల్లును చూశాక నడుముకు తైలం రాయమని పంపే డాక్టరు ఉండడు. నొప్పి మాత్రలు కొన్ని ఈ రోగుల మూత్రపిండాలను మరింత దెబ్బతీస్తాయి కనుక ఆలస్యం ఖరీదైనది.

మందుల కొరత అని సరిపెట్టుకోలేం. బోర్టెజోమిబ్, మైలోమాకే వాడే మరో మందు లెనలిడోమైడ్ రెండింటినీ హైదరాబాద్ కంపెనీ నాట్కోయే తయారు చేస్తోంది. అసలు భారం ప్రయాణం. పొట్ట చర్మం కింద క్షణాల్లో ఇచ్చే ఇంజెక్షన్ కోసం వారానికి ఒకటి రెండుసార్లు 150 కిలోమీటర్ల దూరంలోని కర్నూలుకో, అంతకంటే దూరంలోని బెంగళూరుకో పోవాలంటే రోగికీ, తోడు వచ్చే కొడుక్కీ కూలి పోతుంది. చికిత్స ఏమిటో పెద్దాసుపత్రి నిపుణులు నిర్ణయించాలి. ఆ తర్వాతి ఇంజెక్షన్లను, ముందు చేసే రక్త పరీక్షలతో సహా, రోగి సొంత జిల్లా ఆసుపత్రిలో శిక్షణ పొందిన నర్సు ఇవ్వగలిగే ఏర్పాటు ఉండాలి. ఎలక్ట్రోఫోరెసిస్ కూడా అక్కడే ఉచితంగా జరగాలి.